గోల్‌కీపరు మాంగా

ఫుట్‌బాల్ ఆటలో ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆటగాండ్రుందురు. వారిలో పదిమంది బంతిని తన్నుచు మైదానమంతయు పరుగులిడుదురు. పదునొకండవవాడు గోలుస్తంభముల నడుమ నిలిచి, ఎదుటిపక్షమువారి బంతి లోనికి పోకుండ కాచును. అతడే గోల్‌కీపరు. తన గోలు ముందరి హద్దులో బంతిని చేతితో పట్టు హక్కు అతనికే కలదు. ముందువరుస ఆటగాడు పదిమారులు గురి తప్పినను, ఒక్క గోలు చేసినచో జనులు జేజేలు పలుకుదురు. గోల్‌కీపరు పదిమారులు కాచి ఒక్కమారు తప్పినచో, ఓటమి యంతయు అతని తలపై పడును. అట్టి నిందను మోసి, వెనుదీయక కీర్తి గడించినవాడు బ్రెజిల్ దేశీయుడైన మాంగా.

అతని అసలు పేరు ఐల్టన్ కొర్రేయా ద అర్రూడా. 1937వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన రెసిఫి నగరమున జన్మించెను. పోర్చుగీసు భాషలో 'మాంగా' యనగా మామిడిపండు. పూర్వము పోర్చుగీసు వర్తకులు మన దేశపు పడమటితీరమున విన్న మలయాళపు మాటయే వారి భాషలో చేరి, సముద్రములు దాటి బ్రెజిలునకు పోయినది.

మాంగా 1959లో రియో డి జెనీరో నగరపు బొటఫోగో జట్టులో చేరెను. గారించా, డిడి వంటి మేటి ఆటగాండ్రు అచ్చట అతని సహచరులు. ఆ జట్టు 1961, 1962, 1967, 1968 సంవత్సరములలో రియో విజేతగా నిలిచెను.

1966లో ప్రపంచకప్ పోటీలు ఇంగ్లండులో జరిగెను. అంతకు ముందు 1958, 1962 సంవత్సరములలో బ్రెజిలే విజేత. మొదటి రెండు ఆటలలో గిల్మార్ గోలు కాచెను. జూలై 19వ తేదీన లివర్‌పూల్‌లో పోర్చుగల్‌తో జరిగిన మూడవ ఆటలో మాంగాకు అవకాశము లభించెను. యుసేబియో పంపిన బంతిని మాంగా దూరముగా నెట్టలేకపోయెను. దానిని సిమోయెస్ తలతో కొట్టి గోలు చేసెను. బ్రెజిల్ 3–1 తేడాతో ఓడి పోటీలనుండి వైదొలగెను. నిందలో పెద్దపాలు మాంగాకే దక్కెను.

అయినను అతడు ఆట విడువలేదు. ఉరుగ్వే దేశమునకు పోయి నాసియొనాల్ జట్టులో చేరెను. ఆ జట్టు 1969 మొదలు 1972 వరకు వరుసగా నాలుగేండ్లు దేశవిజేత యయ్యెను. 1971లో దక్షిణ అమెరికా జట్ల పోటీయగు లిబర్టడోరెస్ కప్‌ను గెలుచుకొని, పిమ్మట గ్రీసు దేశపు పనథినైకోస్ జట్టును సైతము ఓడించెను.

1974లో మాంగా స్వదేశమునకు మరలివచ్చి పోర్టో అలెగ్రి నగరపు ఇంటర్నాసియొనాల్ జట్టులో చేరెను. ఆ జట్టు 1975, 1976 సంవత్సరములలో బ్రెజిల్ విజేత యయ్యెను. తరువాత అతడు మరికొన్ని జట్లకు ఆడి, ఈక్వడార్ దేశమున గుయాకిల్ నగరపు బార్సెలోనా జట్టుతో 1981లో మరల విజేతగా నిలిచెను. అప్పటికతనికి నలుబదినాలుగేండ్లు. గోల్‌కీపరునకు కాళ్ల వేగముకంటె, బంతి ఎటు రానున్నదో ముందే కనిపెట్టి తగినచోట నిలుచు నేర్పు ముఖ్యము. ఆ నేర్పు అనుభవముతో పెరుగును. మాంగా తరచు చేతితొడుగులు లేకయే ఆడెడివాడు. బంతి దెబ్బలకు అతని వ్రేళ్లు పలుమారులు విరిగి వంకరలు తిరిగినవి.

మాంగా 2025వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన తన 87వ యేట మరణించెను. అతని జన్మదినమగు ఏప్రిల్ 26ను బ్రెజిల్ ప్రజలు గోల్‌కీపర్ల దినముగా జరుపుకొందురు. ఒక్క ఆటకై నిందించిన దేశమే, నిండు జీవితమును చూచి అతనిని గౌరవించినది.