చివరాయకట్టు కరెంటు

మే నెల, మిట్టమధ్యాహ్నం. మా మనుమరాలు మిద్దె మీదినుంచి పరుగున దిగొచ్చింది. "తాతా, గింత ఎండ కొడుతుంటే మన సోలార్ బందైంది. ఒక్క మబ్బు కూడా లేదు!"

పోయి ఇన్వర్టర్ తెర చూశాను. 254 వోల్టులు.

"చెడిపోలేదు బిడ్డా. ఎండ బాగా ఉండబట్టే ఆగింది. ఇట్ల కూసో, చెప్త."

మాది జగిత్యాల వైపు పల్లె. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువకు పుట్టిన ఒక ఉపకాలువ చివర మా పొలం. పైమడులన్నీ తడిసి మా దాకా వచ్చేసరికి పాదం మునిగేన్ని నీళ్లు కూడా ఉండేవి కావు. కరెంటు తీగ కూడా ఆ కాలువ లాంటిదే. ట్రాన్స్‌ఫారం దగ్గర నిండుగా బయలుదేరిన వోల్టేజి, దారిపొడుగునా మోటర్లు గుంజుకుంటుంటే, తీగ తన వంతు మింగుతుంటే, చివరి స్తంభం చేరేసరికి బక్కచిక్కేది. వోల్టేజి తగ్గితే మోటరు అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వైండింగు వేడెక్కి మాడుతుంది. ఒకే యాసంగిలో మా బాయి మోటరు రెండుసార్లు కాలింది. వరి పొట్టమీద ఉంది. ఆ మాడు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

ఇప్పుడు అదే చివరాయకట్టులో, మా మిద్దె మీద, ఊట పుట్టింది. ఊట నీళ్లు కాలువలోకి ఎదురెక్కాలంటే ఇక్కడి మట్టం అక్కడికంటే ఎత్తుగా ఉండాలి కదా? ట్రాన్స్‌ఫారం నుంచి మా ఇంటిదాకా తీగల నిరోధం అర ఓమ్ అనుకుందాం. మేం 20 ఆంపియర్లు వెనక్కి తోస్తే మా దగ్గర 10 వోల్టులు పెరుగుతాయి. పక్కింటివాళ్లూ అంతే తోస్తే 20. ట్రాన్స్‌ఫారం దగ్గర 235 ఉంటే మా గడపలో 255. మన దేశపు నిబంధన ప్రకారం 230కి పదిశాతం మించితే, అంటే 253 దాటితే, ఇన్వర్టర్ రెండు సెకన్లలోపు లైను నుంచి తప్పుకోవాలి. 184 కంటే దిగినా అంతే. ఇంట్లో ఫ్రిజ్జు, టీవీ బతకాలి కదా. లైనులో కరెంటే పోయినా అది ఆగాల్సిందే. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

"మరి దేశమంతా ఒకే గ్రిడ్ అన్నవ్ గద తాతా? ఢిల్లీల ఎవరన్న సరిచేయరా?"

మంచి ప్రశ్న. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైను కలిశాక, ఆదిలాబాద్ నుంచి కశ్మీరు దాకా గ్రిడ్‌కు ఒకటే లయ, సెకనుకు 50 చుట్లు. అది అందరిదీ. వోల్టేజి అట్ల కాదు, ఏ వీధిది ఆ వీధిదే. ఢిల్లీలో మీట నొక్కి మా చివరి స్తంభాన్ని సరిచేయలేరు. ఎక్కడ పెరిగిందో అక్కడే దాని సంగతి చూడాలి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాప్ ఛేంజర్ ఉంటుంది, కాలువ తూము లాంటిది. మెట్టు మెట్టుగా వోల్టేజిని ఎక్కిస్తుంది, దించుతుంది. కానీ అది యంత్రం, కదలడానికి సెకన్లు పడతాయి. పరుగెత్తే మబ్బు వెంట అది పరుగెత్తలేదు. ఇన్వర్టర్ కంటిరెప్ప పాటులో స్పందిస్తుంది. దానికి ఇంకో విద్య కూడా తెలుసు, చేబదులు. మోటరు చుట్టలో అయస్కాంతం పుట్టడానికి కొంత శక్తి కావాలి. చుట్ట దాన్ని అప్పు తీసుకుంటుంది, వెంటనే తిరిగిస్తుంది, సెకనుకు వందసార్లు. దీన్నే రియాక్టివ్ పవర్ అంటారు. ఇన్వర్టర్ ఈ చేబదులు తీసుకుంటే లైను వోల్టేజి కాస్త దిగుతుంది, ఇస్తే లేస్తుంది. సన్నతీగల పల్లె లైన్లలో నిరోధమే ఎక్కువ కాబట్టి దీని ఫలం కొంచెమే. 33 కిలోవోల్టుల పెద్ద లైన్లలో బాగా పనిచేస్తుంది.

రామగుండం చూడు. ఎన్టీపీసీ జలాశయం మీద 500 ఎకరాల్లో తేలే సోలార్, 100 మెగావాట్లు, 2022 జులై 1 నుంచి పూర్తిగా నడుస్తోంది. 40 బ్లాకులు, ఒక్కోదాంట్లో 11,200 పలకలు. ఇన్వర్టరూ ట్రాన్స్‌ఫార్మరూ కూడా పలకల నడుమ నీళ్లమీదే తేలుతుంటాయి. మబ్బునీడ ఒక్కో బ్లాకు మీదుగా జరిగితే ఆ వరుసలోనే ఉత్పత్తి తగ్గుతుంది. అయినా అక్కడ వోల్టేజి పెద్దగా చలించదు. పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం ఉంది. దాని భారీ జనరేటర్లు తమ అయస్కాంత బలాన్ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ వోల్టేజిని పట్టి నిలుపుతాయి. పెద్ద చెరువులో బిందె కుమ్మరించినా మట్టం కదలదు. తిర్యాణి అడవుల్లో పొడుగు తీగ చివరి గూడెంలో అదే బిందె కుంటను పొంగిస్తుంది. ఎండ ఒక్కటే. కలిసే చోటు వేరు.

"అయితే ఇప్పుడు మనమేం చేయాలె తాతా?"

"పెరిగిన కరెంటును ఇక్కడికిక్కడే వాడుకుందాం. పోయి బోరు మోటరు వేయి."

గోలెంలో నీళ్లు పడుతున్న చప్పుడైంది. తెరమీద 254 కాస్తా 246కు దిగింది. అయినా ఇన్వర్టర్ వెంటనే లేవదు, వోల్టేజి నిమిషం పాటు నిలకడగా ఉందని చూసుకోవాలి. మనుమరాలు గోడకు చెవి ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది... లోపల రిలే టక్కుమంది.