రాయని చేతికొచ్చిన నొప్పి

ముప్పై మూడేళ్ళు కృష్ణా జిల్లాలోని జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పాను. రోజుకు ఐదు పీరియడ్లు. నల్లబల్ల మీద కుడిచెయ్యి దించకుండా రాసిన రోజులే ఎక్కువ. రిటైరయ్యేనాటికి నా తోటి టీచర్లలో చాలామందికి జబ్బ నొప్పులుండేవి. నాకూ ఎప్పుడో ఒకప్పుడు తప్పదనుకున్నాను. రిటైరైన రెండో ఏడు వచ్చింది. అయితే సుద్దముక్క పట్టిన చేతికి కాదు, అన్నేళ్ళూ పుస్తకం పట్టుకుని ఊరికే ఉన్న ఎడమచేతికి.

మొదట జడ వేసుకునేటప్పుడు తెలిసింది. వెనక్కి వెళ్ళాల్సిన చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. తర్వాత స్నానంలో వీపు రుద్దుకోబోతే రాలేదు. బస్సులో పైకడ్డీ అందలేదు. ఒకరోజు పొయ్యి గట్టు మీంచి జారుతున్న పాలగిన్నెను చటుక్కున పట్టుకోబోయాను. ఆ కుదుపుకి కళ్ళు బైర్లు కమ్మి, గిన్నె వదిలేసి గట్టు పట్టుకుని నిలబడ్డాను. రాత్రిళ్ళు ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేసేది.

"ఏదో నరం పట్టేసింది వదినా, నాలుగు రోజులు చెయ్యి కదపకు" అంది మా ఆడపడుచు. కదపలేదు. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. మధ్యలో తైలం పెట్టి గట్టిగా మర్దన చేయించుకున్నాను, నొప్పి రెట్టింపైంది. ఒక ఆసుపత్రిలో మెడకు ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని చెప్పి, పట్టీ వేసి, బిళ్ళలు రాసి పంపారు. అన్ని రోజుల్లో ఒక్కరూ నా చెయ్యి పట్టుకుని ఎత్తి చూడలేదు. ఆ పరీక్షకు రెండు నిమిషాలే పడుతుందని తర్వాత తెలిసింది. అందుకే ఇప్పటికీ ఆ నాలుగు నెలలు తలచుకుంటే బాధ.

ఆ రెండు నిమిషాల పరీక్ష చేసింది నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు.

"టీచర్, మీ అంతట మీరు ఎత్తండి" అంది. భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు. "ఇప్పుడు చేతిని పూర్తిగా నాకు వదిలేయండి" అని తను ఎత్తింది. అక్కడికే వచ్చి ఆగింది. మోచెయ్యి నడుముకి ఆనించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పబోయింది. గొళ్ళెం పెట్టిన తలుపులా ఆగిపోయింది.

"కండరం తెగితే మీరు ఎత్తలేకపోయినా నేను ఎత్తగలను. మీకు ఎవరెత్తినా లేవట్లేదు. కీలే బిగుసుకుంది టీచర్. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మీకు షుగర్ ఎంతుంటోంది?"

భుజం గురించి అడిగితే షుగర్ సంగతెందుకా అనుకున్నాను. ఆ రెంటికీ ఉన్న లంకె తెలియకపోవడం వల్లే నాలాంటివాళ్ళు చాలామంది ఆలస్యం చేస్తున్నారు. ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా అందుకే.

ముందు కీలు సంగతి. పిల్లలకు కోణమానిని పట్టుకోవడం నేర్పినదాన్ని, నా ఒంట్లోనే ఇంత లెక్క ఉందని అప్పటిదాకా ఎరగను. పక్కన వేలాడే చెయ్యి చెవి పక్కకి చేరేసరికి 180 డిగ్రీలు తిరుగుతుంది. అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలుది. తక్కిన 60 వీపు మీదున్న రెక్క ఎముకది. ఆ ఎముక పక్కటెముకల మీద జారుతూ తిరిగితేనే చెయ్యి పూర్తిగా లేస్తుంది. నిష్పత్తి రెండుకి ఒకటి.

తుంటి దగ్గర తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో ఉన్నది గిన్నె కాదు, సాసర్. సాసర్ మీద బత్తాయిని నిలబెట్టినట్టుంటుంది. ఏ క్షణాన చూసినా ఆ బంతిలో మూడో వంతుకు మించి సాసర్‌కి ఆనదు. ఒంట్లో మరే కీలూ తిరగనన్ని వైపులకు భుజం తిరిగేది అందువల్లే. అంత తేలిగ్గా జారేదీ అందువల్లే. బంతిని సాసర్‌కి అదిమి పట్టేవి చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాలు. చొక్కా చేతి పట్టీలా చుట్టుకుని ఉంటాయి కాబట్టి వాటిని రొటేటర్ కఫ్ అన్నారు. వాటి లోపల కీలును మూసి ఉంచే సంచి ఒకటుంది. చంకవైపు అది వదులుగా, మడతపడి ఉంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆ మడత విప్పుకోవాలి. జాకెట్టు చంక దగ్గర బిగుతైతే చెయ్యి ఎత్తలేకపోవడం ఆడవాళ్ళందరికీ తెలిసిందే. నా భుజంలోని సంచికి వాపొచ్చి, దళసరెక్కి, అలాగే కుంచించుకుపోయింది.

ఈ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టింది బోస్టన్ డాక్టర్ కాడ్‌మన్, 1934లో. జపాన్‌లో దీన్ని గోజూకతా అంటారు, యాభై ఏళ్ళ భుజం అని అర్థం. నలభై నుంచి అరవై, అరవై అయిదు ఏళ్ళ మధ్య, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. మామూలుగా నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి వస్తుందంటారు. షుగర్ ఉన్నవాళ్ళలో దానికి కొన్ని రెట్లు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది కీలు సంచిలోని పీచుకు అంటుకుని గట్టిపరుస్తుందని ఎక్కువమంది డాక్టర్లు అనుకుంటున్నారు. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్ళకూ ముప్పు ఎక్కువే. చెయ్యి విరిగి మెడకు వేలాడదీసుకున్నవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళకు కూడా కదలిక లేక బిగుసుకుపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. కళ్ళు చూపించుకోమని, పాదాలు చూసుకోమని వాళ్ళకు చెబుతున్నారు, మంచిదే. చెయ్యి ఎంత ఎత్తు లేస్తోందని కూడా ఎవరైనా అడిగితే ఎంత బాగుండును.

ఇక నా కుడిభుజం. దానికీ నొప్పి ఉంది, కానీ వేరే రకం. చేతిని పక్కనుంచి ఎత్తుతుంటే 60 డిగ్రీలు దాటాక మొదలై, 120 దాటాక తగ్గిపోతుంది. చెయ్యి మాత్రం పూర్తిగా లేస్తుంది. ఇది నాలుగు కండరాలను ఎముకకు కట్టే పట్టీల నొప్పి. భుజం పైకప్పు ఎముకకూ బంతికీ మధ్య సందు ఇరుకు. ఆ సందులో పట్టీ నలుగుతుంది, వయసుతో పలచబడుతుంది, ఒక్కోసారి చిరుగుతుంది. నల్లబల్ల పని, గోడలకు రంగులేసే పని, తల పైన బరువులెత్తే పని దీన్ని తొందర చేస్తాయి. పొగతాగడం కూడా. అరవై దాటినవాళ్ళకు ఎం.ఆర్.ఐ. తీస్తే, ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఈ చిరుగులు కనిపిస్తాయి. కనుక రిపోర్టులో చిరుగు అని రాగానే ఆపరేషన్ తప్పదని హడలిపోవద్దు. చుట్టూ ఉన్న కండరాలకు బలం పెంచితే ఎక్కువమందికి పని గడిచిపోతుంది.

ఎడమదానికి ఎముకల డాక్టరు కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మొదటి దశలో, నొప్పి విపరీతంగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు కొన్ని రోజులు రీడింగులు పెరుగుతాయి, చూసుకుంటూ ఉండాలి. నాకూ పెరిగాయి, దిగాయి. కానీ నాలుగు నెలల తర్వాత ఆ వారం రాత్రిళ్ళు నిద్రపోయాను. వెల్లకిలా పడుకుని మోచేతి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకోమని ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెప్పింది. పక్కకు తిరగాలంటే మంచి చేతివైపు తిరిగి, రెండో చేతిని దిండు మీద పెట్టుకోవాలి. ఇంత చిన్న సంగతి ముందే తెలిసి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

ఆ తర్వాత వ్యాయామం. మొదటిది ఆ కాడ్‌మన్ పేరుతోనే ఉన్నది. మంచిచేతిని బల్లకు ఆనించి ముందుకు వంగి, నొప్పిచేతిని లోలకంలా వేలాడదీయాలి. చెయ్యి ఊపకూడదు. నడుము ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి. రెండోది పడుకుని చేసేది. మోచేతులు పక్కలకు ఆనించి, గొడుగును రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, మంచిచేత్తో రెండోదాన్ని బయటికి నెట్టాలి. ఈ జబ్బులో ముందు పోయేది ఈ బయటికి తిరిగే కదలికే, కనుక దీన్ని వదలకూడదు. మూడోది గోడ. గోడ ముందు నిలబడి వేళ్ళతో సాలీడులా పైకి పాకించి, ఆగినచోట పది అంకెలు లెక్కపెట్టి, మెల్లగా దించడం. ముందు పది నిమిషాలు వేడి కాపడం పెట్టుకుంటే సులువు. షుగర్ వల్ల చేతులకు స్పర్శ తగ్గినవాళ్ళు వేడి ఎంతుందో ఇంకొకరి చేత చూపించుకోవాలి.

ఎంతవరకు చెయ్యాలి? "లాగినట్టుండాలి, పొడిచినట్టుండకూడదు. చేసిన నొప్పి రాత్రికీ, మర్నాటికీ మిగిలిందంటే ఎక్కువ చేసినట్టు" అంది ఆ అమ్మాయి. బలవంతంగా లాగించుకున్న మర్దన నాకెందుకు చెడు చేసిందో అప్పుడర్థమైంది. వాచిన సంచిని ఎంత గుంజితే అంత బిగుసుకుంటుంది. కదపకుండా ఉంచినా బిగుసుకుంటుంది. ఈ రెంటి మధ్య దారి రోజూ కొంచెం కొంచెంగా వెతుక్కోవాలి. నొప్పి దశ, బిగుసుకునే దశ, వదులయ్యే దశ, అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పడుతుంది. ఈ మాట ముందే చెప్పినందుకు ఆ అమ్మాయికి రుణపడి ఉన్నాను. పదిహేను రోజుల్లో తగ్గుతుందని చెప్పి ఉంటే పదహారో రోజున మానేసేదాన్ని.

కొందరికి కొన్నేళ్ళ తర్వాత రెండో భుజానికీ వస్తుంది. ఆ భయంతోనే ఇప్పుడు రెండింటినీ చూసుకుంటున్నాను. ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఫోను చూస్తున్నప్పటిలా వీపు గూనిచేసి, భుజాలు ముందుకు వంచి కూర్చుని, చెయ్యి పైకెత్తండి. దించి, నిటారుగా కూర్చుని మళ్ళీ ఎత్తండి. తేడా మీకే తెలుస్తుంది. వంగినప్పుడు రెక్క ఎముక జారలేదు. ఆ 60 డిగ్రీల వాటా తగ్గి, భారం కీలు మీద పడింది. అందుకే గంటకోసారి లేచి రెండు రెక్కల్నీ వెనక్కి దగ్గరకు లాగి, అయిదు లెక్కపెట్టి వదులుతాను.

వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళందరికీ చెబుతోంది. దానికి జిమ్‌కి వెళ్ళనక్కర్లేదు. గోడకు చేతులు ఆనించి దండీలు తీస్తాను. అరకిలో కందిపప్పు ప్యాకెట్ పట్టుకుని, పక్కకు ఒత్తిగిలి పడుకుని, మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని పైకి ఎత్తి దించుతాను, పదేసి సార్లు. వంటింట్లో అటక మీది బరువైన గిన్నెలన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఉండే అరల్లోకి దించేశాను. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించడం మానేశాను, అది ఇరవై కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా ఉంటుంది. ఏ బరువైనా ఒంటికి దగ్గరగా పట్టుకుంటే భుజం మీద భారం తగ్గుతుంది.

మా అమ్మ బావిలో నీళ్ళు తోడి, రోట్లో దంచి, దండేల మీద బట్టలు ఆరేసింది. వ్యాయామం అవసరమే లేకపోయిందని నేననను, ఆమె భుజాలూ అరిగాయి. రెక్కాడితే గాని డొక్కాడనివాళ్ళ సంగతి వేరు. బస్తాలు మోసేవాళ్ళకూ, రంగులేసేవాళ్ళకూ ఇంకో వ్యాయామం చెప్పడం న్యాయం కాదు. వాళ్ళకు కావలసింది మధ్యలో విరామం, నిచ్చెన ఇంకో మెట్టెక్కి చెయ్యి తల కంటే కిందే ఉండేలా పనిచేసే వీలు, నొప్పి వస్తే వారం పాటు కూలి పోకుండా చూసే మేస్త్రీ.

కొన్ని నొప్పులు భుజంలో కనిపించినా భుజానివి కావు. ఎడమ భుజం, చెయ్యి లాగుతూ గుండె బరువు, చెమట, ఆయాసం ఉంటే వ్యాయామం మాట మరిచిపోయి 108కి ఫోన్ చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటులో ఛాతీ నొప్పి అసలు లేకపోవచ్చు కూడా. భోజనం తర్వాత కడుపు పైభాగంలో నొప్పితో పాటు కుడిభుజం లాగితే పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు. పడ్డాక చెయ్యి లేవకపోయినా, కీలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

వంటింటి గుమ్మం పక్క గోడ మీద 2022 జూలైలో మొదటి పెన్సిల్ గీత గీశాను. ఎడమచేతి వేళ్ళు ఎక్కడిదాకా పాకాయో అక్కడ, తేదీతో సహా. నేలనుంచి 128 సెంటీమీటర్లు. కుడిచెయ్యి 186. అక్టోబరు దాకా గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డట్టే ఉన్నాయి. మరుసటి ఏడు వేసవిలో అవి విడివిడిగా పైకెక్కాయి. సెప్టెంబరుకి జడ నేనే వేసుకున్నాను. ఎడమ గీత 183 దగ్గర ఆగింది. ఆ మూడు సెంటీమీటర్లూ రావేమో, ఫరవాలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించాం. ఆ గోడ మీద ఆ మేర వదిలేయమన్నాను. పండక్కి వచ్చిన మా ఆడపడుచు ఆ గీతల ముందు చాలాసేపు నిలబడింది. ఆమెకూ పదేళ్ళుగా షుగర్. చెప్పులు విడిచి, గోడకు దగ్గరగా జరిగి, చెయ్యి పైకి పెట్టి, "గియ్యి వదినా, నాదీ" అంది. రెండు చేతులకూ గీసి తేదీ వేశాను.