లీవర్ రైఫిల్‌లో పోత సీసపు గుండు: గురికి ఆధారం కాఠిన్యమా, కొలతా?

వ్యాససంగ్రహం:
అమెరికాలో లీవర్ యాక్షన్ రైఫిళ్ళు వాడేవారిలో సీసపు గుండ్లను స్వయంగా పోతపోసుకునేవారు ఉన్నారు. అవి గురి తప్పినప్పుడు సీసం మెత్తదనమే కారణమని భావించడం పరిపాటి. గుండు గట్టిదనం కన్నా అది గొట్టానికి అమరే కొలతే ముఖ్యమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పోత గుండు, సీసం, లీవర్ రైఫిల్, గాడులు, మిశ్రమలోహం.

1. ఉపోద్ఘాతం:
ట్రిగ్గర్ చుట్టూ ఉండే లీవరును కిందికి దించి మళ్ళీ పైకి లాగితే, పేలిన తూటా గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి చేరుతుంది. ఇదే లీవర్ యాక్షన్. 1860 నాటి హెన్రీ రైఫిల్, తర్వాత వించెస్టర్ 1873 నమూనా ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చాయి. వాటిలో వాడినవి సీసపు గుండ్లే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 నమూనాకు 1895లో పొగరాని మందు నింపిన థర్టీ-థర్టీ తూటా వచ్చింది. వేగం పెరగడంతో రాగి తొడుగు గుండ్లు వాడుకలోకి వచ్చాయి. అయినా పోత గుండ్ల అభ్యాసం ఆగలేదు. వేటలో గురి తప్పిన గుండు జింకను చంపక, గాయపరిచి వదిలేస్తుంది. కాబట్టి ఈ చర్చ కేవలం సాంకేతికమైనది కాదు.

తెలుగు వాడుకలో గుండు, తూటా అనే మాటలు తరచు ఒకే అర్థంలో వినిపిస్తాయి. ఇక్కడ తూటా అంటే ఇత్తడి గుల్ల, మందు, గుండు కలిసిన మొత్తం. గుండు అంటే గొట్టం దాటి వెళ్ళే లోహభాగం మాత్రమే.

2. గొట్టంలో జరిగేది:
రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. వాటి మధ్య ఉన్న గట్లు గుండును పట్టి తిప్పుతాయి. ఆ భ్రమణమే గుండును గాలిలో స్థిరంగా నిలుపుతుంది. గుండు గాడుల అడుగు వరకు నిండకపోతే వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోతుంది. అది సీసాన్ని కోసి, కరిగించి గొట్టానికి అంటిస్తుంది. అలా పేరుకున్న సీసం తర్వాతి గుండ్ల గురిని చెడగొడుతుంది.

3. కాఠిన్యంపై అపోహ:
శుద్ధ సీసం బ్రినెల్ కాఠిన్యం సుమారు 5. సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5 శాతంగా ఉండే లైమన్ నంబర్ 2 మిశ్రమానికి అది సుమారు 15. ఆంటిమొనీ గట్టిదనాన్నిస్తుంది. తగరం కరిగిన లోహం అచ్చు మూలమూలకూ చేరేందుకు తోడ్పడుతుంది. వేగం ఎక్కువైనప్పుడు కొంత గట్టిదనం అవసరమే. అయితే కొలత తక్కువైన మెత్తని గుండు, మందు ఒత్తిడికి ఉబ్బి ఖాళీని పూడ్చే అవకాశం ఉంది. అదే కొలతలో ఉన్న గట్టి గుండు అంత సులువుగా ఉబ్బదు. అందువల్ల కొలత సరిచూడకుండా లోహాన్ని గట్టిపరిస్తే దోషం తగ్గకపోగా పెరగవచ్చు.

4. కొలత నిర్ణయం:
ఖాళీ చేసిన రైఫిల్ గొట్టానికి నూనె రాసి, మెత్తని సీసపు ముక్కను అందులో నుంచి నెడితే దానిపై గాడుల ముద్ర పడుతుంది. ముద్రలో ఎత్తుగా ఉన్న భాగాల అడ్డుకొలతే గాడుల కొలత. గుండు దానికన్నా అంగుళంలో ఒకటి రెండు వెయ్యోవంతులు ఎక్కువ ఉండటం సాధారణ నియమం. థర్టీ-థర్టీ గాడుల ప్రామాణిక కొలత 0.308 అంగుళం కనుక, గుండు 0.309 లేదా 0.310 ఉంటుంది. గొట్టం ప్రామాణికానికి మించి ఉంటే గుండూ ఆ మేరకు పెరగాలి. మార్లిన్ 336 రైఫిల్‌లోని లోతు తక్కువైన 12 గాడులకు పోత గుండు సరిపడదనే అభిప్రాయం ఉంది. సరైన కొలత గుండుతో ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

పెంచడానికీ హద్దుంది. తూటా మెడ గదిలో బిగుసుకుపోతే గుండు వదులుకోక, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

5. లీవర్ రైఫిల్ పరిమితులు:
ఈ రైఫిళ్ళలో ఎక్కువ వాటికి గొట్టం కింద మరో గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఒక తూటా ముక్కు ముందున్న తూటా ప్రైమరును తాకుతుంది. అందువల్ల గుండు ముక్కు చదునుగా ఉండాలి. స్ప్రింగు ఒత్తిడికి, పేలుడు కుదుపుకు గుండు గుల్లలోకి జారకుండా గుల్ల అంచును గుండుపై గాడిలోకి నొక్కాలి. తూటా పొడవుకు కూడా పరిమితి ఉంది కనుక గుండును ఇష్టమొచ్చినంత ముందుకు జరపడం కుదరదు. ఆ లోటును కూడా సరైన కొలతే తీర్చాలి.

రాగి తొడుగు గుండ్ల కోసం ఉద్దేశించిన పరికరంతో గుల్ల మెడను తయారుచేస్తే, ఆ ఇరుకు మెడ సీసపు గుండును నలిపి సన్నబరుస్తుంది. సరిగ్గా కొలిచి పోసిన గుండు కూడా ఇలా గొట్టం చేరకముందే చెడుతుంది. గుల్ల అంచును కొద్దిగా విప్పడం అందుకే అవసరం.

6. గుండు అడుగుభాగం:
ఫ్రాంక్లిన్ మాన్ 1909లో ప్రచురించిన తన గ్రంథంలో, గుండు ముక్కు కన్నా అడుగు దెబ్బతినడమే గురికి ఎక్కువ హాని అని ప్రయోగాలతో చూపాడు. వేగమైన తూటాల్లో గుండు అడుగున చిన్న రాగి గిన్నె బిగించడం ఆ భాగాన్ని కాపాడటానికే.

7. ముగింపు:
- గురి తప్పినప్పుడు ముందు చూడవలసింది గొట్టం కొలత, తర్వాత గుల్ల మెడ, ఆపైన గుండు అడుగుభాగం. మిశ్రమలోహాన్ని మార్చడం చివరి మెట్టు.
- సీసం విషపదార్థం. గాలి ఆడే చోట కరిగించడం, చేతులు కడుక్కోవడం తప్పనిసరి. కరిగిన సీసంలో నీటిబొట్టు పడితే లోహం పేలినట్లు చిమ్ముతుంది.
- కాండర్ రాబందుల వంటి పక్షులకు సీసం హాని చేస్తున్నందున కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. అక్కడ పోత సీసపు గుండుకు మిగిలింది గురి అభ్యాసమే.
- భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం.