సహకాలిక ప్రోగ్రాములలో ప్రతిష్టంభనరాహిత్య నిరూపణము

ప్రతిష్టంభన యను మాటను మనము రాయబారముల విషయమునను చర్చల విషయమునను తరచుగా వాడుదుము. కంప్యూటరు శాస్త్రమున నీ పదమునకు నిర్దిష్టమైన అర్థము కలదు. ఏకకాలమున నడచు ప్రక్రియలలో కొన్ని యొకదానికై యొకటి యెదురుచూచుచు, వానిలో నేదియు ముందునకు సాగలేని స్థితియే ప్రతిష్టంభన. చర్చలలోని ప్రతిష్టంభన కాలక్రమమున తొలగవచ్చును. ప్రోగ్రాములోనిది సాధారణముగా తనంత తాను తొలగదు. అట్టి స్థితి యెన్నడును రాదని నిశ్చయించుట యెట్లు? మేమిచట విచారింపబూనిన విషయ మిదియే.

రెండు ప్రక్రియలును, క, గ అను రెండు తాళములును కలవనుకొందము. ఒక తాళము ఒకే సమయమున నొక ప్రక్రియ యధీనముననే యుండును. మొదటి ప్రక్రియ క-ను, పిదప గ-ను తీసికొనును; రెండవది గ-ను, పిదప క-ను తీసికొనును. పని ముగిసిన పిమ్మట రెంటిని విడుచును. ఏ తాళమును లేకుండుట, ఒకటి కలిగియుండుట, రెండును కలిగియుండుట అని ప్రతి ప్రక్రియకును మూడు దశలు. కావున మొత్తము 9 సంయోగములు. అందు 3 అసంభవములు. మిగిలిన 6 స్థితులలో నయిదింటినుండి ముందునకు దారి కలదు. మొదటిది క-ను, రెండవది గ-ను పట్టుకొనియున్న ఆరవ స్థితికి మాత్రము దారి లేదు. ప్రోగ్రామును వేయిమారులు నడిపి చూచినను ఆ స్థితి తారసపడకపోవచ్చును. కనుక పరీక్ష వేరు, నిరూపణము వేరు.

నిరూపణమునకు ముఖ్యముగా రెండు మార్గములు. స్థితులన్నింటిని యంత్రముచే వెదకించుట మొదటిది. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలో క్లార్క్, ఎమర్సన్‌లును, ఫ్రాన్సులో కేయ్, సిఫాకిస్‌లును దీనిని వేర్వేరుగా రూపొందించిరి. క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007వ సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది. ఈ మార్గమునకు స్థితుల సంఖ్యయే ప్రధానమైన అవరోధము: మూడేసి దశలు గల 20 ప్రక్రియలకు సంయోగములు 348,67,84,401.

రెండవది హేతుమార్గము. పరస్పర నిషేధము, ఒకటి పట్టుకొని మరొకదానికై వేచియుండుట, బలవంతముగా లాగుకొన వీలులేకుండుట, వలయాకారముగా నెదురుచూచుట — ఈ నాలుగును కూడినగాని ఇట్టి ప్రతిష్టంభన కలుగదని కాఫ్మన్, ఎల్ఫిక్, షోషానీలు 1971లో వివరించిరి. తాళములకు వరుససంఖ్య లిచ్చి, ప్రతి ప్రక్రియయు ఆరోహణక్రమముననే తీసికొనవలెనని నియమించినచో, వలయ మేర్పడుటకు ఒక సంఖ్య తనకంటె తానే పెద్దది కావలసివచ్చును. అది యసంభవము. పై యుదాహరణమున రెండు ప్రక్రియలును క-నే ముందు తీసికొన్నచో ఆరవ స్థితియే యుండదు.

అయినను నిరూపణమునకు పరిధి కలదు. నాసావారి డీప్ స్పేస్-1 నౌకను నడుపుటకై రచింపబడిన రిమోట్ ఏజెంట్ అను ప్రోగ్రాములో నొక భాగమును 1997లో స్పిన్ అను సాధనముతో పరిశీలించి, అయిదు దోషములను కనుగొనిరి. 1999 మే నెలలో ఆ నౌక యంతరిక్షమున నుండగా ప్రోగ్రాము ప్రతిష్టంభనలో చిక్కుకొన్నది. వేచియుండవలయునా యని చూచుటకును, వేచియుండుటకును నడుమ పరిస్థితి మారుటయే కారణము. మునుపు కనుగొన్న దోషములలో నొకటి యిట్టిదే. కాని యీసారి యది పరిశీలనకు లోనుకాని వేరొక భాగమున నుండెను.

దీనినిబట్టి తేలునదేమన, నిరూపణము తాను పరిశీలించిన భాగమునకే చెల్లును. ఏది నిరూపితమైనదో చెప్పుటతోపాటు, ఏది పరిశీలింపబడలేదో చెప్పుటయు పరిశోధకుని విధియని మా యభిప్రాయము.