వినోదాల తోటలో హలాల్ ముద్ద

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ చూడాలన్న ముచ్చట సహజం. 1971లో మొదలైన ఈ వినోద ప్రపంచంలో నేడు నాలుగు పెద్ద పార్కులున్నాయి. మధ్యాహ్నమయ్యేసరికి మనవళ్లకు ఆకలేస్తుంది. మరి ఎక్కడ తినాలి?

కౌంటర్ దగ్గర కొనుక్కుని తినే హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి. అయితే పంది మాంసం కానంత మాత్రాన కోడి మాంసమో, గొడ్డు మాంసమో హలాల్ అయిపోదు. జిబహ్ సంగతి అడగాలి. చేప, కూరగాయల వంటకాలు తేలిక మార్గమే. కాని వాటిని ఏ నూనెలో వేయించారో, పిండిలో బీరు కలిపారో లేదో కనుక్కోవాలి. మార్ష్‌మాలో వంటి మిఠాయిల్లో వాడే జెలటిన్ తరచూ పందిదే. అడగడానికి మొహమాటమెందుకు? అలర్జీ ఉన్నవారు రోజూ అడుగుతూనే ఉంటారు కదా!

అన్నిటికన్నా నిశ్చింతైనది ఇంటి టిఫిన్. గాజు సీసాలు, మద్యం లేకుండా, వేడి చేయనక్కరలేని తిండిని లోపలికి తీసుకెళ్లనిస్తారు. కౌంటర్లలో అడిగితే చల్లని నీళ్లు ఉచితంగా ఇస్తారు. ఖర్చూ తగ్గుతుంది, ఇస్రాఫ్ కూడా ఉండదు.

బిస్మిల్లాహ్ అని ముద్ద నోట పెట్టుకునే పసివాడు, ఆ ముద్ద వెనుక పెద్దలు పడే జాగ్రత్తను కూడా నేర్చుకుంటాడు.