విద్యార్థుల ప్రశ్నలు – శాస్త్రజ్ఞుల జవాబులు

గుజరాతులోని ఆనందు పట్టణమున 1946లో పాడిరైతుల సహకార సంఘము వెలసిన సంగతి మన సభ్యు లెఱుగుదురు. 2002 ఏప్రిలులో శాస్త్రజ్ఞులగు అబ్దుల్ కలాముగారు అచటి యొక ఉన్నత పాఠశాలలో విద్యార్థులతో ముచ్చటించిరి. మనకు శత్రు వెవరను ప్రశ్న సభలో పుట్టినది. జవాబులు పెక్కు వచ్చినవి. దారిద్ర్యమే శత్రువని పండ్రెండవ తరగతి బాలిక యొకతె చెప్పగా, అదియే సరియని యెల్లరు నంగీకరించిరి. కలాముగారు ఆ యేటనే వెలువడిన 'ఇగ్నైటెడ్ మైండ్స్' గ్రంథమును ఆమెకు అంకిత మిచ్చిరి.

రైతు సోదరులారా! మీ పిల్లలను వ్యవసాయ పరిశోధనా క్షేత్రములకు తోడ్కొని పొండు. ఈ తెగులేల వచ్చెను, ఈ విత్తనము చౌడునేలలో పండునా యని వారే పదిమంది యెదుట శాస్త్రజ్ఞుల నడుగవలెను. విన్నదానిని సంఘ సమావేశమున వారిచేత చెప్పించినచో, ఆ జవాబు ఊరందఱి సొత్తగును.