పెళ్లికూతురు నడిచొచ్చే ట్యూను: అపోహలు – వాస్తవాలు

అచ్చంపేట చుట్టుపక్కల చర్చి పెళ్లంటే కీబోర్డు ఉండాల్సిందే. పెళ్లికూతురు గుమ్మంలో అడుగు పెట్టగానే అందరికీ తెలిసిన ఆ ట్యూను మొదలవుతుంది. మంద్ర పంచమం నుంచి షడ్జమానికి ఎక్కి, అక్కడే మూడుసార్లు పలుకుతుంది. మళ్లీ పంచమం, ఈసారి రిషభం దాకా వెళ్లి, నిషాదం మీదుగా షడ్జమానికి చేరుతుంది. మొత్తం ఎనిమిది స్వరాలు. ఒక్కసారి వింటే నోటికి వచ్చేస్తుంది కాబట్టే ఇంత దూరం ప్రయాణించింది.

అపోహ: ఇది తొలి మిషనరీలు తెచ్చిన దేవుని పాట.

వాస్తవం: ఇది కీర్తన కాదు. జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ ఒపెరాలోని బృందగానం. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరింది 1842లో. అప్పటికి వాగ్నర్ ఈ ఒపెరా మొదలే పెట్టలేదు.

అపోహ: కథలోనూ వధువు పెళ్లికి నడిచొచ్చేటప్పుడే దీన్ని పాడతారు.

వాస్తవం: అప్పటికి పెళ్లి అయిపోయింది. మూడో అంకంలో వధువు ఎల్సాను స్త్రీలు, వరుడు లోహెన్‌గ్రిన్‌ను పురుషులు పడకగదిలోకి తీసుకొచ్చి, పాడి వెళ్లిపోతారు. మన శోభనపు పాటల్లాంటిదన్నమాట. తన పేరు అడగవద్దని వరుడు పెట్టిన షరతు తప్పి ఎల్సా ఆ రాత్రే అడిగేస్తుంది. అతను వెళ్లిపోతాడు, ఆమె ప్రాణం విడుస్తుంది. విదేశాల్లో కొందరు పాస్టర్లు ఈ పాట వద్దనడానికి ఈ కథ కూడా ఒక కారణం. వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా మాటలు లేకుండా వాయించే ట్యూనుకు ఆ విషాదం అంటదని నా అభిప్రాయం.

అపోహ: ఒపెరా సంగీతాన్ని పియానో మీద వాయించడం చవకబారు నకలు.

వాస్తవం: ఈ అపోహే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1849 డ్రెస్డెన్ తిరుగుబాటులో పాల్గొన్న వాగ్నర్ స్విట్జర్లాండ్‌కు పారిపోయాడు. 1850 ఆగస్టు 28న వైమార్‌లో ‘లోహెన్‌గ్రిన్’ను తొలిసారి నడిపించింది ఆయన మిత్రుడు, పియానో దిగ్గజం ఫ్రాంజ్ లిస్ట్. ఆ లిస్టే మూడో అంకం ఆరంభ సంగీతాన్నీ ఈ పెళ్లిపాటనూ కలిపి పియానోకు మలిచాడు. అది 1854లో అచ్చయింది. ఆర్కెస్ట్రా హోరునూ పాడే గొంతుల మెత్తదనాన్నీ పది వేళ్లతోనే పలికించాలి. రికార్డులు లేని ఆ రోజుల్లో, ఒపెరా థియేటర్ లేని ఊళ్లకు ఈ సంగీతం పియానో మీదే చేరింది. వాగ్నర్ తన ఒపెరాను రంగస్థలం మీద పూర్తిగా విన్నది 1861లో, వియన్నాలో. అప్పటికే ఎన్నో ఇళ్లలో పియానోల మీద ఇది మోగుతోంది. మన ఊళ్లో కీబోర్డు ముందు కూర్చునే కుర్రాడు చేస్తున్నదీ ఆ పనే.

అపోహ: పెళ్లయ్యాక జంట బయటికి వచ్చేటప్పుడు వాయించేదీ ఇదే ఒపెరాలోది.

వాస్తవం: కాదు, అది మరో స్వరకర్త మెండెల్సన్‌ది. షేక్‌స్పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ కోసం 1842లో రాశాడు. 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్లిలో వాయించాక దానికి బాగా పేరొచ్చింది. దాన్ని కూడా లిస్ట్ పియానోకు మలిచాడు.